గోడల మేడమ్ మీటరు తిరిగిన వైనం

కేటాయించిన కరెంటును ఏడాదిలోగా పూర్తిగా వాడలేని విభాగాల గదులను, కష్టపడి వాడుతున్న విభాగాలకు అప్పగించాలని ఆ పరిశోధన సంస్థ ఏనాడో తీర్మానించింది. ఇందులో అన్యాయమేమీ లేదు. పనిచేసేవాడి మీటరు తిరుగుతుంది, చేయనివాడిది తిరగదు. ఇంతకన్నా నిష్పాక్షికమైన పరీక్షాధికారిని ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంత చక్కటి ఏర్పాటుకు తూట్లు పొడిచింది పై అంతస్తు చివరి గదిలోని పరిశోధకురాలు. ఆమెను అందరూ గోడల మేడమ్ అంటారు. వెంట్రుకకన్నా వెయ్యిరెట్లు సన్నని అయస్కాంతపు తీగ ఆమెది. అందులో ఒక భాగం ఇటు, పక్క భాగం అటు మొహం తిప్పుకొని ఉంటాయి, మాటల్లేని తోడికోడళ్ళలా. ఆ రెంటి మధ్య సరిహద్దునే గోడ అంటారు. కరెంటుతో నెడితే గోడ జరగాలి, ఆపితే ఆగాలి. ఆగినచోటే సమాచారం భద్రంగా ఉంటుంది. ఈ పనికి అందరూ తీగ మాడిపోయేంత కరెంటు వాడుతుంటే, ఏళ్ళ తరబడి తంటాలుపడి ఈవిడ దోమకు కూడా చురుక్కుమననంత కరెంటుతో గోడను జరిపి చూపించింది.

అభినందించడానికి డైరెక్టరు స్వయంగా వచ్చాడు.

"ఇంత తక్కువ కరెంటుతో సాధించడమంటే మాటలా అమ్మా! అందుకే మీ గది లేజర్లవాళ్ళకి ఇచ్చేస్తున్నాం. పాపం, వాళ్ళు ఇప్పటికే రెండు మీటర్లు కాల్చేశారు."

"మరి నా తీగలు ఎక్కడ పెట్టుకోను సార్?"

"వాటిదేముందమ్మా, కంటికే కనబడవు. ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి."

గోడల మేడమ్ గుండెల్లో రాయి పడింది. తీగలు పెట్టుకునే, అదురూ బెదురూ లేని ఆ బల్ల, ఆ చల్లదనం ఇంకే గదిలోనూ దొరకవు. గది పోతే ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"దీనికింత దిగులెందుకు అమ్మాయ్?" అన్నాడు ఆమె దగ్గర పనిచేసే ముసలి టెక్నీషియను. ఆయన సంస్థ మొత్తానికీ బాబాయే. "మీటరు తిరగాలి, అంతేగా? తిప్పుదాం."

స్టోరులో పడున్న పాత హీటర్లన్నీ తెచ్చి గది నిండా పెట్టాడు. మీటరు తోకకు నిప్పంటుకున్నట్టు పరుగెత్తింది. విభాగం గాడిలో పడిందని పరిపాలన శాఖ సంతృప్తి వ్యక్తం చేసింది.

గాడి తప్పింది గోడ ఒక్కటే. వేడికి పట్టు సడలి, నెట్టకుండానే జరగడం మొదలుపెట్టింది. ఆగమంటే ఆగదు. హీటర్లు ఆపితే గది ఉండదు, ఆపకపోతే ప్రయోగం ఉండదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గోడల మేడమ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో డైరెక్టరును వెంటబెట్టుకుని తనిఖీ సంఘం వచ్చింది. పెద్దలు చెమటలు తుడుచుకుంటూ, గోడ కనబడే తెరమీదికి వంగి చూశారు.

"కరెంటు ఎంత ఇస్తున్నారు?"

"ఇంకా ఇవ్వలేదండీ."

"కదులుతోందే మరి!"

"అదేనండీ నా బాధ. ఈ వేడికి..."

డైరెక్టరు ఆ మాట పూర్తికానివ్వలేదు. గొంతు సవరించుకున్నాడు. "లోకమంతా తక్కువ కరెంటు గురించి కలలు కంటోంది. మన సంస్థ అసలు కరెంటే లేకుండా గోడను నడిపించింది! ఈ ఘనత ఈ గదిది. దీన్ని మరొకరికి ఇచ్చే ప్రసక్తే లేదని సభాముఖంగా ప్రకటిస్తున్నాను."

సభ అంటే అక్కడున్నది నలుగురే. నలుగురూ చప్పట్లు కొట్టారు. గోడల మేడమ్‌కు ఆ ఏటి విద్యుత్ పొదుపు పురస్కారం ప్రకటించారు. దానితోపాటు ఆమె విభాగానికి కరెంటు కేటాయింపును రెట్టింపు చేసి, వృథా కాకుండా మొత్తం వాడాలని ఆదేశించారు.

పురస్కార సభలో మైకు ఆమె చేతికిచ్చారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరుసలో డైరెక్టరు, పక్కనే లేజర్ల విభాగాధిపతి కూర్చుని ఉన్నారు. ఆ రెండో ఆయన ఆమెనే ఆశగా చూస్తున్నాడు.

"అంతా పెద్దల ప్రోత్సాహమే" అని చెప్పి కూర్చుంది.

నిజం చెప్పి ఉండాల్సిందని మీరంటారు. న్యాయమే. మీలో పైవాళ్ళ మొహంమీద నిజం చెప్పినవాళ్ళు చేతులెత్తండి. చెప్పాక కూడా గది మిగిలినవాళ్ళు మాత్రం దించకండి.