మా పెరటి సన్యాసి పిట్ట చేసిన మేలు

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై ఏడో ఏట పలక పట్టినదాన్ని. మీరు నాలుగు నిమిషాల్లో చదివే ఈ కాగితం నింపడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అయినా ఒక సత్యం చెప్పక తప్పదు. ఊరికి మేలు జరగాలంటే మనుషులు పనికిరారు. పిట్ట కావాలి!

నవ్వకండి. మా లాస్ కాన్యితాస్ ఊళ్లో ఏటి మీది చెక్క వంతెన వరదకు కొట్టుకుపోయి మూడేళ్లయింది. పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి అవతలి గట్టున ఉంది. వారానికి రెండుసార్లు చెప్పులు చేత పట్టుకుని, పావడా మోకాళ్ల పైకి ఎత్తి, నీళ్లలో దిగి వెళ్తాను. గట్టిగా వాన పడితే ఆ వారం చదువు లేనట్టే. మూడు అర్జీలు పెట్టాం. ఎవరో రాశారు, నేను వేలిముద్ర వేశాను. ఏం జరిగింది? మనుషులం కదా, ఏమీ జరగలేదు.

అప్పుడు వచ్చింది సన్యాసి పిట్ట! హమ్మింగ్‌బర్డ్‌లలో ఒక రకం. బరువు ఆరు గ్రాములు. గోధుమరంగు ఒళ్లు, కొడవలిలా వంగిన ముక్కు, తోకలో పొడుగాటి తెల్లని ఈకలు. ఏటి పక్క నీడపొదల్లో ఉంటుంది. అడవి అరటి ఎర్రపూలను రోజూ అదే వరసలో పలకరించి వస్తుంది. మగవి తెల్లారగానే కొమ్మకొకటి కూర్చుని, తోక ఊపుతూ, ఒకటే కూత కూస్తాయి, సాయంత్రం దాకా. గూడు కట్టడం, గుడ్లు పొదగడం, పిల్లలకు తిండి పెట్టడం అంతా ఆడదే. మా మునిసిపాలిటీ సమావేశం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.

అలాంటి ఆడపిట్ట ఒకటి సాలీడు దారంతో నా పెరట్లో అరటాకు కొస కింద గూడు కుట్టుకుంది. మొక్కజొన్న పిండి తమాల్‌లు చుట్టి ఉడికించడానికి ఆ ఆకే కోయబోయాను. టూరిస్టులకు పిట్టలు చూపించే ఏ గైడ్ చెప్పాడో, మునిసిపాలిటీ నుంచి దోన్ అర్నుల్ఫో రొప్పుతూ వచ్చాడు.

"దొన్యా ఎదెల్మీరా, ఆకు ముట్టకండి."

"చెట్టు నాదేగా నాయనా?"

"చెట్టు మీదే. ఆకు మాత్రం దేశానిది."

తొమ్మిదే తొమ్మిది రోజుల్లో కట్టేశారు! రోడ్డు నుంచి గూడు దాకా చెక్కల బాట, రెండు పక్కలా కమ్మీలు, పైన రేకుల కప్పు. ఎగిరే ప్రాణికి బాటెందుకని అడిగేది మూర్ఖులు. కెమెరాలు మోసుకొచ్చేవాళ్ల బూట్లు తడవొద్దా? పొరుగింటి ఒబ్దూలియా మాత్రం ఏడుపు మానలేదు. "మనమూ తలా రెండు గుడ్లు పెట్టుంటే ఈపాటికి వంతెన వచ్చేది వదినా" అంది.

పిట్టపిల్లలు ఎగిరిపోయాయి. వాటి వెనకే కెమెరాలూ వెళ్లిపోయాయి. మొన్న ఆ బాట మొదట్లో ఒక బోర్డు పాతారు. కనపడిన అక్షరమల్లా చదవడం నాకు కొత్త సరదా. వేలు పెట్టి కూడబలుక్కున్నాను: 'లాస్ కాన్యితాస్ పాదచారుల వంతెన. ప్రజల అర్జీల మేరకు పూర్తి చేయబడినది.'

దోన్ అర్నుల్ఫోను అడిగితే వంగి బాట కింద చూపించాడు. నా వంటింటి నీళ్లు పోయే జానెడు కాలువ.

"కింద నీళ్లు పారుతున్నాయి కదా దొన్యా. మరి వంతెన కాక ఇదేమిటి?"

కాదని ఎలా అంటాను? అర్జీ కింద వేలిముద్ర నాదే. నిన్న బడి ఉన్న రోజు. పైన కొండల్లో వాన పడి ఏరు నిండుగా ఉంది. అయితేనేం, వంతెన వచ్చిందిగా! సంచి భుజాన వేసుకుని దాని మీద అటూ ఇటూ మూడుసార్లు నడిచాను. చెక్కలు గట్టివి, కమ్మీలు నున్ననివి. మూడుసార్లూ నా అరటిచెట్టు దగ్గరే తేలాను.

ఇట్లు,
ఎదెల్మీరా కిరోస్, అరవై తొమ్మిదేళ్లు.
వంతెన పూర్తయిన ఏటికి ఇవతలి గట్టు.