స్వామివారి నడవడి రిపోర్టు

శనివారం పొద్దున మునిస్వామికి ఉన్నది ఒకటే పని. పదకొండింటికి పట్టుపంచె కట్టుకుని, చందానగర్ ఫ్లాట్‌లో భార్య సంయుక్త పక్కన సత్యనారాయణ వ్రతానికి కూర్చోవడం. ఊరికే కూర్చునే రకమైతే ఈ కథే ఉండేది కాదు. హైటెక్ సిటీలో అతని ఉద్యోగం, ఇతరులు కొత్తగా ఉద్యోగాల్లో చేరబోయే ముందు వాళ్ళ గుణగణాలు ఆరా తీసి రిపోర్టు రాయడం. ఆర్నెల్లుగా అదే పని కావడంతో ఎవరిని చూసినా అనుమానమే. సోమవారం ఆ ఉద్యోగం పర్మనెంటు కావాలి.

"వ్రతకథలో ప్రసాదం తినకుండా పరిగెత్తిందని ఆ పిల్ల మొగుణ్ణి పడవతో సహా ముంచేసినాడు గదా. అట్లాంటాయనకు నేనెందుకు దండం పెట్టాల?" అన్నాడు మామిడాకులు కడుతూ.

"మళ్ళా తేల్చినాడు గదా," అంది సంయుక్త రవ్వ వేయిస్తూ. "అంత అనుమానముంటే పోయి నీ ఆఫీసు రిపోర్టు రాసుకో. పదకొండుకు మాత్రం పీట మీదుండాల."

ఆమె విసుక్కుంది. ఇతను అనుమతి అనుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. రాకేశ్ అనే అతని ఫారం సగంలో ఉంది. నార్సింగిలో బుచ్చమ్మగారి రియల్ ఎస్టేట్ కంపెనీలో భూముల కొనుగోలు మేనేజరు పోస్టు అది. వంక పెట్టడానికి లేని మనిషి. ఆ పేరు అలాగే ఉంచి, తర్వాత చెరిపేద్దామని, 'నడవడి' గడిలో స్వామివారి చరిత్ర ఎక్కించాడు: "మూడడుగుల జాగా చాలని మాట తీసుకుని, యజమానికి నిలువ నీడ లేకుండా మొత్తం లాక్కున్నాడు. అన్నదమ్ములు కొట్టుకుంటుంటే చెట్టుచాటు నుంచి ఒకరి మీద దాడి చేశాడు. ఆడవేషం వేసి, అందరి కష్టార్జితాన్ని తనవాళ్ళకే పంచాడు. తనను లెక్కచేయలేదని ఒకరి పడవ ముంచాడు."

"కలశానికి టెంకాయ తెచ్చినావా?" అని సంయుక్త కేకేసింది. కంగారులో అతను నొక్కిన బటన్ ఆ ఫారాన్ని దాచలేదు, పైఅధికారికి పంపింది.

పైఅధికారి పార్థసారథిగారు విష్ణుసహస్రనామం పూర్తయితే గానీ మంచినీళ్ళయినా ముట్టరు. వేయి నామాలూ నోటికి వచ్చినా, రాకేశ్ ఫొటో కింద ఆ చరిత్ర చదివి ఆనవాలు పట్టలేకపోయారు. వెంటనే ఫోన్ చేశారు.

"ఎంత దుర్మార్గుడండీ వీడు. ఈ రిపోర్టులో అక్షరం తప్పున్నా సోమవారం మీ సంగతి చూస్తాను. సరే, ఆ స్థలం యజమాని కేసు పెట్టలేదా?"

నిజం చెబితే సోమవారం ఉద్యోగం ఉండదని మునిస్వామి పురాణమే కొనసాగించాడు. "లేదు సార్. సంతోషంగానే ఉన్నాడు. కిందెక్కడో ఉంటాడు. ఈయనే ఆయన గుమ్మానికి కాపలా."

"అంటే ఇల్లు కదలనివ్వట్లేదన్నమాట." పార్థసారథిగారు అప్పటికప్పుడు 'ఇటువంటివాణ్ణి గడప తొక్కనివ్వరాదు' అని రాసి, సంతకం పెట్టి నార్సింగికి పంపేశారు.

మునిస్వామి పీట మీద ఆచమనం చేస్తుండగా వీడియో కాల్ వచ్చింది. ఒక పక్క పార్థసారథిగారు, ఇంకో పక్క బుచ్చమ్మ.

"ఏంది సారూ, వద్దంటరు? మూడడుగులని మొత్తం గుంజుకున్నడా? ముప్పై ఏండ్ల సంది ఇదే పనిమీదున్న, నాకే చాతగాలె. జీతం డబులిస్త, గీ పిలగాడే కావాలె. జర ఆ జాగ సర్వే నంబర్ చెప్పు, పోయి చూసొస్త."

"చెప్పండి మునిస్వామిగారూ," అన్నారు పార్థసారథిగారు.

సర్వే నంబరు ఎక్కణ్ణుంచి తేగలడు? "అది రాకేశ్‌ది కాదమ్మా. జాగా వామనుడిది, బాణం రాముడిది, వేషం మోహినిది. పడవ ముంచినాయన ఇదిగో, మా పూజపీట మీదున్నాడు."

పార్థసారథిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మనిషి చేస్తే నేరమండీ. ఆయన చేస్తే లీల."

"ఫారంలో లీలకు గడి లేదు సార్."

"అయితే మా ఆఫీసులో మీకూ చోటు లేదు."

అంతవరకూ కుంకుమ కలుపుతున్న సంయుక్త తలెత్తింది. "సార్, ఒక మాట. స్వామిని గడప తొక్కనివ్వద్దని కింద సంతకం పెట్టిందెవరు?"

వ్రతం చేయిస్తున్న పంతులుగారు మంత్రం ఆపి విన్నారు.

పార్థసారథిగారు తను సంతకం పెట్టిన రిపోర్టు మళ్ళీ చదువుకున్నారు. "అది వెంటనే రద్దు కావాలండీ. రాసినవారే పొరపాటని మళ్ళీ రాస్తే తప్ప కుదరదు. మీ చేతుల్లో ఉంది మునిస్వామిగారూ."

మునిస్వామి పీట మీద నుంచి లేవకుండానే రాకేశ్ గురించి ఉన్నదున్నట్టు రాశాడు. ఎవరి సెంటు భూమీ ముట్టలేదు, ఎవరినీ మోసం చేయలేదు, కడిగిన ముత్యం. 'గడప లోపలికి సాదరంగా ఆహ్వానించదగినవాడు' అని పార్థసారథిగారు స్వయంగా చేర్చి, చెంపలు వేసుకుని సంతకం పెట్టారు.

సోమవారం మునిస్వామి ఉద్యోగం పర్మనెంటయింది. సత్ప్రవర్తన కారణంగా ఉద్యోగం ఇవ్వలేకపోతున్నామని నార్సింగి నుంచి రాకేశ్‌కు ఉత్తరం అందింది.