వెళ్లడానికి ముందు తిరిగిరావడం

పైచదువుకి విదేశం వెళ్లడానికి వీసా కావాలి గనక గుత్తుల ప్రణీత ముందుగా, గురువారం ఉదయం పదిన్నరకు, ఆ దేశం నుంచి తిరిగివచ్చింది. వెలగలంకలో ఇదేమీ విశేషం కాదు. ఆ నెలలో అలా తిరిగివచ్చినవాళ్లలో ఆమె పందొమ్మిదో మనిషి.

నిబంధన సబబైనదే. చదువు కాగానే స్వదేశానికి తిరిగి వస్తామని రుజువు చూపమని వీసా అధికారులు మొదటినుంచీ అడుగుతూనే ఉన్నారు. ఒట్లు, హామీపత్రాలు, తాతల నాటి దస్తావేజులు చూసి చూసి వాళ్లకు విసుగెత్తింది. వెళ్లినవాళ్లు వస్తారో రారో అని కనిపెట్టుకుని కూర్చునే బదులు, ఆ రావడమేదో ముందే వచ్చేస్తే తర్వాత నిశ్చింతగా పంపవచ్చని తేల్చారు. అప్పటినుంచి దరఖాస్తుకి తిరిగివచ్చిన ధ్రువపత్రం జతచేయాలి. దాన్ని మున్సిపాలిటీ ఇస్తుంది. వెలగలంకలో జనన మరణాల విభాగాన్ని ఆనుకునే తిరుగురాకల విభాగం ఉంది. కుళాయి పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు కూడా ఆ గది ముందు ఆగి, గోడమీద తిరిగొచ్చినవాళ్ల ఫోటోలు చూసుకుని, మనవాళ్లే అని పొంగిపోయి వెళ్తుంటారు.

ప్రణీత వ్యవసాయంలో డిగ్రీ చదివింది. తండ్రి ధర్మారావుది కొబ్బరి దింపు పని. చుట్టుపక్కల తోటల్లో ఆయన ఎక్కని చెట్టు లేదు. ఎనిమిదేళ్లుగా ఆ చెట్లకు తెల్లదోమ పట్టింది. ఆకు అడుగున సున్నం చల్లినట్టు తెలుపు, పైన మసి. కాపు సగానికి పడిపోయింది. ఆ దోమ ఆనుపానులు తేల్చే పనిలో ఉన్న ప్రొఫెసరు ఒకావిడ ఆ దేశంలో ఉంది. ప్రణీత ఆమెకు తొమ్మిది ఉత్తరాలు రాసింది. తొమ్మిదోదానికి జవాబు వచ్చింది. మూడేళ్ల పరిశోధనకి ఒక్క సీటు ఉంది, సెప్టెంబరు ఒకటికల్లా చేరాలి. ప్రణీత తన జన్మలో ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు.

కానీ గురువారం నాటి రాక చెల్లలేదు. తిరుగురాకల విభాగం గుమాస్తా కామేశ్వరి గారు ఫైలు ముందు పెట్టుకుని కళ్లజోడు సవరించుకున్నారు.

"బస్టాండు నుంచి ఎలా వచ్చావమ్మా?"

"నడిచొచ్చేనండి."

"సంచీ ఎవరు మోసేరు?"

"నేనేనండి. ఒక్కటే సంచీ."

"ఇంటికెళ్లి ఏం తిన్నావు?"

"చద్దన్నం, మాగాయి."

"పెద్దమ్మగారింటికెళ్లి వచ్చినట్టుంది గానీ, దేశంకాని దేశం నుంచి వచ్చినట్టు లేదు. మళ్లీ రావాలి నువ్వు."

ఆవిడ ఫైల్లో లోపాలు రాశారు. ఎదురు వెళ్లినవారు లేరు. దిష్టి తీయలేదు. ఊరి నీళ్లు పడనట్టు డాక్టరు చీటీ లేదు. ఎండ గురించి దరఖాస్తుదారు ఒక్కసారైనా విసుక్కోలేదు. ఆవిడ మనసున్న మనిషి, అందుకే ఫైలు మూసేముందు ఒక మాట చెవిన వేశారు.

"ఈసారి గట్టిగా రా అమ్మా. కానీ చదువు పూర్తయిందని మాత్రం ఎక్కడా రాయకు. వచ్చింది అంటే చాలు."

ప్రణీత వాళ్ల కాలవగట్టు వీధి ఈ కబురు విని నడుం కట్టింది. ఆ వీధి నుంచి ఇంతవరకు ఎవరూ తిరిగిరాలేదు, ఎందుకంటే ఎవరూ వెళ్దామని అనుకోలేదు. వ్యాను మాట్లాడారు. బాజాలవాళ్లను పిలిచారు. ప్రణీత తల్లి అనంతలక్ష్మి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు సిద్ధం చేసింది. ఫ్లెక్సీలో ఏం రాయించాలన్నది మాత్రం తన హక్కన్నాడు ధర్మారావు. అక్షరాలు అడుగు ఎత్తున వచ్చాయి. 'తెల్లదోమ అంతు తేల్చి, పట్టా పుచ్చుకుని విచ్చేసిన డాక్టర్ గుత్తుల ప్రణీతకు కాలవగట్టు వీధి ఘన స్వాగతం.'

"నాన్నా, చదువు సంగతి రాయొద్దన్నారు గదా ఆవిడ."

"రాయకపోతే ఎలాగే? ఉత్త చేతులు ఊపుకుంటా వచ్చిందనుకోరూ జనం?"

"ఇంకా వెళ్లలేదు నాన్నా నేను."

"వెళ్తావు గదా. వెళ్తే సాధించకుండా వస్తావా నువ్వు?"

సాధించకుండా రానని ప్రణీతకూ నమ్మకమే.

ఆదివారం ఆమె ఊరి బయట కాలవ లాకుల దగ్గర వ్యాను ఎక్కి రెండోసారి తిరిగివచ్చింది. వెలగలంకలో అంత చక్కటి తిరుగురాక అంతకుముందు జరగలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. వీధి వీధంతా లాకుల దాకా ఎదురు వెళ్లింది. అనంతలక్ష్మి దిష్టి తీసి నీళ్లు వాకిట్లో పారబోసింది. ప్రణీత వ్యాను దిగుతూనే "అబ్బ, ఏం ఎండో" అంది. పంచనామా రాయడానికి వచ్చిన కామేశ్వరి గారు అది టైముతో సహా రాసుకున్నారు. ధర్మారావు దండ వేయబోయి, వేయలేక, కూతుర్ని పట్టుకుని భోరుమన్నాడు.

"మూడేళ్లయిపోయిందమ్మా నిన్ను చూసి."

ఆ పొద్దున ఆయనకు కాఫీ కలిపి ఇచ్చింది ప్రణీతే. అయినా ఆ ఏడుపులో నటన లేదు. తనను చూసి ఇంతమంది ఇంతగా సంబరపడగలరని ప్రణీతకు అంతవరకు తెలియదు. ఆ క్షణంలో ఆమెకు నిజంగానే చాలా దూరం నుంచి వచ్చినట్టు అనిపించింది.

ధ్రువపత్రం మూడో రోజుకే వచ్చింది, ప్రథమశ్రేణిలో. దానికి ఫోటో జతచేయడం తప్పనిసరి. దండతో, వ్యానుతో, ఫ్లెక్సీతో సహా, వెనక ఊరివాళ్ల సాక్షి సంతకాలతో ఫోటో జత అయింది.

ఇంటర్వ్యూ ఆగస్టు ఇరవైన జరిగింది. వీసా అధికారి అద్దం వెనకనుంచి ఫోటోను తిప్పి తిప్పి చూశాడు.

"మీరు తిరిగివచ్చారు. చాలా సంతోషం. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు."

"థాంక్యూ అండి."

"పట్టా కూడా పుచ్చుకున్నారు."

"అది మా నాన్నగారు రాయించిందండి. నేనింకా చదవలేదు."

"ఊరంతా సాక్షి సంతకాలు పెట్టారు. పూర్తయిన చదువుకి వీసా ఇచ్చే వీలు మాకు లేదు."

ఆయన కూడా చెడ్డవాడేం కాదు. దారి ఒకటుందని చెప్పి ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఒకటే వాక్యం ఉంది. 'నా కుమార్తె చదువు పూర్తిచేయలేక తిరిగివచ్చినది.' తండ్రి సంతకం చేసి శుక్రవారం లోపల పంపిస్తే వీసా వెంటనే ఇస్తామన్నాడు.

ధర్మారావు ఆ కాగితాన్ని కూతురి చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత దాన్ని మడిచి కూతురి చేతిలోనే పెట్టేశాడు.

"ఒక్క సంతకం నాన్నా. కాగితానికే గదా."

"అమ్మా, కొబ్బరిచెట్టు మీంచి దూకమంటే దూకుతాను. నా కూతురు చదవలేక వచ్చేసిందని నా చేత్తో రాయలేను."

"రాయకపోతే నేను వెళ్లలేను."

"వెళ్లకపోతే ఏవైందమ్మా? వచ్చేవు గదా!"

ప్రణీతకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. లోపలికెళ్లి తలుపేసుకుంది. తండ్రి సంతకం తనే పెట్టేద్దామా అని కూడా ఆలోచించింది. కిటికీలోంచి చూస్తే ఆయన వాకిట్లో కట్టిన ఫ్లెక్సీ మీద పడ్డ దుమ్ము పై పంచెతో తుడుస్తున్నాడు. తన పేరు మీద కాస్త ఎక్కువసేపు తుడుస్తున్నాడు. ఆయనంటే ఆమెకు ప్రాణం. శుక్రవారం వచ్చింది, వెళ్లిపోయింది.

సెప్టెంబరు ఒకటిన ఆ దేశంలో తరగతులు మొదలయ్యాయి. తను రాలేకపోతున్నానని, ఇప్పటికే తిరిగివచ్చేశానని ప్రణీత ప్రొఫెసరుకి రాసింది. జవాబు వారంలోనే వచ్చింది. రికార్డులన్నీ సరిచూశామని, ఆమె తమ దగ్గర చదివి వెళ్లినందుకు శాఖ యావత్తూ గర్విస్తోందని ప్రొఫెసరు రాసింది. తమకు మాత్రం ఆ దోమ సంగతి ఇంకా అంతుపట్టలేదనీ, ప్రణీత ఏం కనిపెట్టిందో వీలు చూసుకుని పంపితే మేలనీ చివర అడిగింది. ఉత్తరాన్ని మున్సిపల్ చైర్మన్ సన్మానసభలో చదివించారు. మొదటి సగం వరకే చదివించారు. ప్రణీత శాలువా కప్పించుకుంది. శాలువా ఆమెకు బాగా నప్పింది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆ మర్నాడు రైతులు పాతికమంది ఆమెను తోటకు తీసుకెళ్లారు. మసిపట్టిన చెట్టొకటి చూపించి, చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ధర్మారావు చెట్టెక్కే తాడు బంధం కాళ్లకు వేసుకుని పైకెక్కాడు. కొనకు చేరి, కత్తి మొలలోంచి తీసి, కిందికి కేకేశాడు.

"డాక్టరుగారూ! ఏం చెయ్యమంటారండీ?"

తండ్రి తనను అండీ అనడం ప్రణీత మొదటిసారి విన్నది. తల పైకెత్తి చూసింది. ఎండ కళ్లలో పడింది. ఏమీ తెలియదని చెప్పడానికి నోరు తెరిచింది. పాతికమందీ ఒక అడుగు ముందుకు జరిగారు.

"కింది మట్టలు కొట్టేసి కాల్చెయ్యండి," అంది.

ఎనిమిదేళ్లుగా ధర్మారావు ప్రతి తోటలోనూ చేస్తున్నది అదే. కానీ ఇంతవరకు దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.