మంచం కింద సరిహద్దు

దేశ సరిహద్దు మీ ఇంటి మధ్యలోంచి పోతోందా? లేదా? అయ్యో పాపం! అయితే మీ బతుకులో ఏదో పెద్ద లోటున్నట్టే.

నవ్వకండి. ఈ టైలర్ సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

ఒక్కటిగా ఉన్న దేశం రెండైంది. గొడవలేమీ లేవు. పెద్దలంతా కూర్చుని, ఫొటోలు దిగి, నవ్వుతూనే పంచుకున్నారు. ఇటు ఎగువ దేశం, అటు దిగువ దేశం, మధ్యలో ఒక గీత. ఆ గీత వచ్చిన రోజున టైలర్ ఎవరిదో చొక్కాకి కాలర్ కుడుతున్నాడు. పసుప్పచ్చ రంగు డబ్బా పట్టుకుని ఇద్దరు సర్వేయర్లు లోపలికి వచ్చి, "కాస్త కాళ్లు పైకెత్తండి" అన్నారు. ఎత్తాడు. గీత కుట్టుమిషన్ కిందినుంచి, అతని తల్లి పడుకునే మంచం కిందినుంచి సాగి, వంటింట్లో పొయ్యికీ సింకుకీ నడుమ దూరి, పెరటి గోడెక్కి దిగి తన దారిన తాను పోయింది. "ఆరేదాకా తొక్కకండేం!" అని చెప్పి మరీ వెళ్లారు. ఎంత మర్యాదస్తులు!

ఇక లాభాలు చూడండి. రెండు దేశాలూ చెరో కరెంటు మీటరు బిగించాయి. ఎగువ దేశంలో కరెంటు పోతే టైలర్ కుర్చీ రెండడుగులు జరుపుకుని దిగువ దేశపు వెలుతురులో కుట్టుకునేవాడు. మీకుందా ఆ సౌకర్యం?

రెండు దేశాల గడియారాలకీ అరగంట తేడా. "పదింటికల్లా ప్యాంటు ఇస్తానన్నావు, పదిన్నరైంది!" అని ఎవరైనా గుడ్లురిమితే, "పదిన్నర అక్కడండీ. గీత దాటి ఇటు రండి, ఇంకా పదే" అనేవాడు టైలర్. మాట తప్పిన టైలర్ అన్న చెడ్డపేరు లోకంలో ఈ ఒక్కడికే లేదు!

భార్యకి కోపమొస్తే పుట్టింటికి పోనక్కర్లేదు. సింకు దగ్గరికి వెళ్లి నిలబడితే చాలు, విదేశం! బతిమాలుకోవాలంటే టైలర్ గీత దాటే పాస్ చూపించాలి. ఆమె గిన్నె దించి సింకులో వేస్తే ఎగుమతి, తోమి తెచ్చి గూట్లో పెడితే దిగుమతి. రెండింటికీ ఫారాలున్నాయి. వాటిమీద ముద్ర వెయ్యడానికి వంటింట్లోనే ఇద్దరు జవాన్లు, చెరో స్టూలు మీద. ఇంత కాపలా ఏ మంత్రిగారి వంటింటికుంది, చెప్పండి?

పైగా చదువు! ఒక రోజు ఎగువ దేశపు ఆఫీసరు తనిఖీకొచ్చి, మంచం మీదున్న ముసలమ్మకి పాఠం మొదలెట్టాడు.

"రాజ్యమన్నాక నాలుగుండాలమ్మా. నేల, జనం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం."

"ఆ నాలుగోది నోరు తిరగట్లేదు నాయనా. పోనీ, జాతి జాతి అంటారే, అదేంటి?"

"మేమంతా ఒక్కటే అనుకునే జనమమ్మా."

"మేం అలాగే అనుకుంటున్నాం కదా. మరి మధ్యలో ఈ రంగెందుకు పూశారు?"

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. అరగంట ముందున్న దేశంలో ఆలస్యమైపోతోందని లేచాడు.

ఆ తర్వాతి వారమే, మిట్టమధ్యాహ్నం, ముసలమ్మకి ఆయాసం ఎగదన్నింది.

అది ఎప్పుడూ ఉండేదే. కానీ ఈసారి మాట పెగల్లేదు. కోడలు రెండు దేశాలకీ ఫోన్ చేసింది. పది నిమిషాల్లో వీధి గుమ్మానికొకటి, పెరటి గుమ్మానికొకటి, రెండు అంబులెన్సులు! మామూలు మనిషికి ఒక్కటొస్తేనే గొప్ప.

"ఆయాసం ఎక్కడండీ?" అన్నాడు ఎగువ డ్రైవరు, ఫారం తెరిచి.

"ఛాతీలో!" అని అరిచాడు టైలర్.

"అది కాదండీ. ఆ ఛాతీ ఏ దేశంలో ఉందీ అని."

వంగి చూశారు. తల ఎగువలో, కాళ్లు దిగువలో. ఛాతీ సరిగ్గా గీత మీద.

"ఒక్క జానెడు ఇటు జరపండి, తీసుకెళ్లిపోతాం" అన్నాడు ఎగువ డ్రైవరు.

"జరిపితే వలసవుతుంది. ఆవిడ పాస్ ఏది?" అన్నాడు దిగువ జవాను.

పాస్ కోసం టైలర్ ట్రంకుపెట్టె దగ్గరికి పరిగెత్తాడు. ఎంత ఖరీదైన గుడ్డనైనా జంకకుండా కత్తిరించే ఆ వేళ్లు గొళ్లెం తియ్యలేకపోయాయి. వెనక తల్లి గొంతులో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. పెదవులు నీలమవుతున్నాయి. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకు తిరిగిన మనిషి, ఇప్పుడు తన ఎదురుగానే పోతోంది. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

కోడలు ఏడవలేదు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. అత్తగారి వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసి అమాంతం ఎత్తేసింది.

"అమ్మా, సరిహద్దు..." అన్నాడు దిగువ జవాను.

"తప్పుకో."

తప్పుకున్నాడు. తప్పుకోవడమే కాదు, పెరటి తలుపు తీసి పట్టుకున్నాడు కూడా. ఆమె ముసలమ్మని దిగువ అంబులెన్సులో పడుకోబెట్టి, "ఇప్పుడు మనిషి మొత్తం మీ దగ్గరే ఉంది. పోనివ్వండి" అంది.

ముసలమ్మ బతికింది. పది రోజులకి ఇంటికొచ్చింది. నెలనెలా డాక్టరు చూడాలి, ఆక్సిజన్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి అని చెప్పి పంపారు.

ఆ వెంటనే విచారణ వచ్చింది. ఆలస్యానికి బాధ్యులెవరో తేల్చాలిగా! రెండు దేశాల ఆఫీసర్లూ మంచాన్ని టేపుతో కొలిచారు. దిండు జరిగిందని ఒకరు, జరగలేదని ఒకరు. చివరికి అసలు మ్యాపు తెప్పించి కట్టింగ్ టేబుల్ మీద పరిచారు. టైలర్ దాని మీదికి వంగి గీత మీద గోరు పెట్టి చూశాడు.

"సార్, మేం సుద్దతో గీత గీస్తే దానికీ కాస్త మందముంటుంది. అందుకే లోపల నాలుగు వేళ్లు గుడ్డ వదిలి కోస్తాం. మరి ఈ పెన్ను గీత మందమెంత? నేల మీదైతే ఎన్నడుగులు?"

ఇద్దరూ లెక్కేశారు. మ్యాపు మీద వెంట్రుకవాసి గీత, నేల మీద ఎనభై అడుగులు! ఇల్లేమో నలభై. ఇల్లంతా గీతలోనే ఉంది.

"అయితే మీ ఇల్లు మా దేశంలో లేదు!" అన్నాడు ఎగువ ఆఫీసరు సంతోషంగా.

"మా దేశంలోనూ లేదు!" అన్నాడు దిగువ ఆఫీసరు, ఇంకా సంతోషంగా. చేతులు కలుపుకున్నారు. ఆ సాయంత్రానికే జవాన్లు స్టూళ్లతో సహా వెళ్లిపోయారు, మీటర్లు ఊడదీశారు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే రెండు వైపులా ఒకటే జవాబు: "మీరు మా పరిధిలోకి రారండీ." ముసలమ్మకి డాక్టరు చూడాల్సిన రోజు దగ్గర పడుతోంది. టైలర్‌కి కుట్టు మీద మనసు నిలవలేదు.

ఒక ఉదయం అతని భార్య మిషన్ నూనె సీసా తీసుకుని పెరట్లోకి వెళ్లింది. చిన్న గుంట తవ్వి, నూనె వంచడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"మిషన్‌కి నూనె వేస్తున్నానండీ."

"మిషన్ లోపల కదా ఉంది?"

"ఇది వేరే మిషన్ లెండి. బాగా బిగుసుకుపోయింది."

చేతులు కడుక్కుని వీధి చివరి కొట్టుకెళ్లింది. "పెరట్లో తవ్వుతుంటే నల్లగా, జిడ్డుగా ఏదో ఊరుతోందన్నయ్యా. ఎవరికీ చెప్పకండేం!" అని ఒట్టు వేయించుకుని మరీ వచ్చింది.

భోజనాల వేళకి రెండు దేశాలవాళ్లూ వచ్చి ఆ గుంటకి చెరో పక్కా జెండాలు పాతేశారు. గీత మందం లెక్కల్లో పొరపాటు దొర్లిందనీ, ఆ ఇల్లు అనాదిగా తమదేననీ రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. మా పౌరురాలి ఆరోగ్యం మా బాధ్యతంటే మా బాధ్యతని చెరో డాక్టర్నీ, చెరో అంబులెన్సునీ గుమ్మంలోనే పెట్టాయి.

ముసలమ్మ కుడిచెయ్యి ఎగువ డాక్టరు పట్టుకున్నాడు, ఎడమచెయ్యి దిగువ డాక్టరు. మధ్యలోంచి ఆవిడ కొడుకు వంక చూసింది.

"ఒరేయ్, నా ఊపిరి ఆగిపోతుంటే నేనెవరిదాన్నో తేల్చుకోలేకపోయారు. మట్టికి కాస్త జిడ్డంటితే ఎంత తొందరగా తేల్చేశార్రా!"

డాక్టర్లిద్దరూ ఆవిణ్ణి మాట్లాడొద్దన్నారు. ఆయాసం పెరుగుతుందట.

ఇప్పుడు చెప్పండి, సరిహద్దు వరమా కాదా? ఆ ఇంట్లో అందరూ కులాసా. టైలర్‌కి ఒకటే బెంగ. నూనె సీసాలో ఇంక నాలుగు చుక్కలే ఉన్నాయి.