రోగి రాలేదు

ఇవాళ్టి నుంచి ప్రతి రక్తపరీక్ష ఫలితం గంటలోపే ఇవ్వాలని ఆ ఉదయం ఐజాక్ గట్టిగా అనుకున్నాడు. అరకు కొండల్లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో అతను కాంట్రాక్టు టెక్నీషియన్. కిందటి నెల ఒక్కో రిపోర్టుకు మూడు గంటలు పట్టిందని జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఇంకో నెల అలాగే సాగితే ఉద్యోగం ఉండదు.

ఉన్న మిషను ఒక్కటే. దాన్ని తొందరపెట్టలేడు. అయితే లెక్క మొదలయ్యేది రక్తం తీసినప్పుడు కాదు, ట్యూబును కంప్యూటర్‌లో ఎక్కించినప్పుడని కనిపెట్టాడు. మిషను ఖాళీ అయ్యేదాకా ట్యూబులను కిటికీ గట్టు మీదే ఉంచాడు.

ఎనిమిదిన్నరకు రక్తమిచ్చిన సోములమ్మకు ఏడో నెల. రిపోర్టు వస్తే, వారానికొకసారి వచ్చే డాక్టరమ్మ మూడింటికి జీపెక్కేలోగా రక్తం ఎక్కించమని రాస్తుంది. సోములమ్మ ల్యాబ్ ఎదుట బల్ల మీద కూర్చుంది. పదకొండింటికి ఎండ కిటికీ గట్టు మీదికొచ్చింది. ట్యూబులో ఆమె రక్తం పాడైంది.

పాడైందని రాస్తే అదీ ల్యాబ్ తప్పుల్లోకే వస్తుంది. ఐజాక్ కంప్యూటర్‌లో ఆమె పేరు పక్కన 'రోగి రాలేదు' అని నొక్కాడు.

"ఏటి బాబూ, నా రగతం ఏటన్నాది?"

"మళ్లీ తియ్యాలమ్మా."

తీశాడు. కానీ రాని మనిషిని కంప్యూటర్ ఆ రోజుకు మళ్లీ ఒప్పుకోలేదు. రక్తం చాలదని వచ్చిన మనిషికి రెండో ట్యూబూ దండగైంది. డాక్టరమ్మకు చెబుదామంటే ఉద్యోగం గుర్తొచ్చింది. ఊడవడానికొచ్చిన తెరిసమ్మ తన అంబలిలో సగం సోములమ్మ గ్లాసులో పోసింది.

"తాగమ్మా. ఇక్కడ తీసేవోళ్లే గాని పోసేవోళ్లు లేరు."

ఈలోగా 'రాలేదు' అన్న మెసేజి ఆశా కార్యకర్త కృపావతి సెల్లుకు చేరింది. ఆమె కొండెక్కి చూస్తే ఇంటికి తాళం. కాఫీ తోటలో ఉన్న సోములమ్మ మొగుడు ఫల్గుణకు మెసేజి చూపించింది. రెండున్నరకు అతను ఆరుగురిని వెంటేసుకుని ఆసుపత్రి మీదికొచ్చాడు.

"నా ఆడదాన్ని ఏటి సేసినారు? ఊరంతా ఎతికినాం, గెడ్డ నీళ్లలో కూడా సూసినాం!"

"గెడ్డలో ఏటి సూసినావు?" బల్ల మీద నుంచి సోములమ్మ అంది. "పొద్దున్న ఆటో ఎక్కించింది నువ్వే కదా!"

"ఎక్కించినాను. మరి రాలేదని సెల్లులో ఉంది కదే!"

గోలకు డాక్టరమ్మ బయటికొచ్చి, సోములమ్మ కింది రెప్ప లాగి చూసింది. తెల్లగా ఉంది.

"దీనికి రిపోర్టు దాకా ఆగాలా? రక్తం ఎవరిస్తారు?"

వెతకడానికొచ్చిన ఏడుగురూ చొక్కా చేతులు మడిచారు. ఇద్దరి గ్రూపు కలిసింది. వాళ్ల రక్తాన్ని ఐజాక్ గట్టు మీద పెట్టలేదు, కంప్యూటర్‌లోనూ ఎక్కించలేదు. పని మాత్రం త్వరగా చేశాడు. సోములమ్మకు రక్తం ఎక్కింది.

ఆ నెల ల్యాబ్‌కు జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. సగటున పంతొమ్మిది నిమిషాలు, పాడైన రక్తం సున్నా, రాని రోగి ఒక్కరు. ఐజాక్ ప్రశంసాపత్రాన్ని సొరుగులో తిరగేసి పెట్టుకున్నాడు.

సోములమ్మను ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదో చెప్పాలని కృపావతికి మూడు నెలలకు మెమో వచ్చింది. అది చదివే వేళకు ఆమె ఒళ్లో సోములమ్మ బిడ్డ ఉంది.