సీడీ ఇస్తేనే చేప చచ్చినట్టు

ఈ దేశంలో సత్యం ఇంకా మిగిలి ఉందంటే అది గుండ్రంగా ఉండబట్టే! పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, నడుమ ఒక బెజ్జం. దాన్ని సీడీ అంటారు. ఇంకాస్త ఎక్కువ సత్యం పట్టేదాన్ని డీవీడీ అంటారు. మీ ఇంట్లో దాన్ని చాయ్ గ్లాసు కింద పెట్టుకుంటున్నారేమో. సిగ్గుపడండి!

చేతిలో ఫోన్ ఉంది కదా, వీడియో తీశాం కదా, నొక్కితే ఆడుతుంది కదా అని విర్రవీగే జనం ఎక్కువైపోయారు. నొక్కగానే ఆడేది కూడా ఒక సాక్ష్యమేనా? ఒళ్లు వంచకుండా కనబడే నిజాన్ని పెద్దమనుషులు నమ్ముతారా? నమ్మకూడదని గట్టిగా తీర్మానించుకున్న కాలుష్యాన్ని ఆపాల్సిన ఆఫీసు ఒకటి పట్నంలో ఉంది. పేరు చెప్పను. చెబితే, ఆ చెప్పేదేదో సీడీలో పెట్టి చెప్పమంటారు.

ఆ ఆఫీసు చలవతో జ్ఞానవంతుడైన ఒక మనిషి సంగతి వినండి. పేరు సోమయ్య. ఇబ్రహీంపట్నం పక్క పల్లెలో చేపలు పట్టి బతుకుతాడు. యాభై ఆరేళ్లు. ఊరవతల రేగులకుంట ఉంది. ఆ కుంట కట్ట మీదుగా నడిచిపోతే చివర్న ఆయన ఇల్లు. ఆ ఇంటికి ఇంకో దారి లేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

మే నెలలో ఒక పొద్దున సోమయ్య వల భుజాన వేసుకుని కట్ట దిగబోయేసరికి కుంటంతా తెల్లగా కనిపించింది. చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. బొచ్చెలు, రవ్వలు, బంగారు తీగలు, ఏడాదంతా కన్నబిడ్డల్లా సాకినవి. ఎగువన ఒక కంపెనీ ఉంది. దాని గోడ కింద నుంచి కుంటలోకి దిగిన సిమెంటు పైపు ఎర్రటి నీళ్లను నురగతో సహా కక్కుతోంది. సోమయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. వెనకే వచ్చిన ఆయన పెళ్లాం బాలనర్సమ్మ ఏడవలేదు. మొగుడి జేబులోంచి ఫోన్ లాక్కుని, కంపెనీ వాళ్లను నోరారా తిడుతూ, పైపును, నీళ్లను, చేపలను రెండు నిమిషాల వీడియో తీసింది.

"ఇగ లేవయ్యా! వానలు పడితె మల్ల చేపపిల్లలను ఇడువాలె. గా లోపట గీ పైపు మూయిపియ్యాలె. లేకుంటె అవ్వి గూడ ఇట్లనే సస్తయ్," అంది.

వాళ్లకు కావలసింది అంతే. పైపు మూతపడాలి.

సోమయ్య ఫోన్ పట్టుకుని పట్నం బస్సెక్కాడు. దారిలో ఆదిభట్ల వైపు పోయే కంపెనీ బస్సులు వరసగా ఎదురయ్యాయి. అక్కడ విమానాల ముక్కలు తయారు చేస్తారని ఆయనకు తెలుసు. ఆకాశంలో ఎగిరేవాటిని ఇక్కడ బిగిస్తున్నారు, రెండు నిమిషాల వీడియో చూసే నాథుడు ఉండడా అని ధైర్యం తెచ్చుకున్నాడు. పాపం, అమాయకుడు!

ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ విద్యాసాగర్. సోమయ్య ఫోన్ చూపించబోతే ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఫోన్ రికార్డు కాదు సోమయ్యా. ఫోన్‌కు బెజ్జం ఉందా?"

"బెజ్జమేంది సారూ?"

"ఫైల్‌కు గుచ్చాలె గదా! సీడీ అయితే నడుమ బెజ్జం ఉంటది, ట్యాగు గుచ్చి కడతం. సీడీల పెట్టి తీసుకురా. మన ఆఫీసు డబ్బాల ఆడాలె. ఆడితేనే రికార్డు."

డబ్బా అంటే డీవీడీ ప్లేయర్. బీరువా పక్కన స్టూలు మీద, కుట్టుపూల గుడ్డ కప్పుకుని, చిన్న టీవీకి తోడుగా కూర్చుని ఉంది.

చూశారా దూరదృష్టి! ఇతర దేశాల్లో సాక్ష్యం నిజమా అబద్ధమా అని పరీక్షిస్తారట. మనవాళ్లు ఇంకా లోతుకు పోయి దానికి బెజ్జం ఉందా లేదా అని పరీక్షిస్తారు. పెన్‌డ్రైవ్ ఇస్తానన్నా ఒప్పుకోలేదు. దానికి వైరస్ ఉంటుందట. చచ్చిన చేపల నుంచి ఆఫీసుకు ఏం అంటుకుంటుందో ఎవరికి తెలుసు!

ఇక ఈ నియమం వల్ల ఎన్ని ఇళ్లల్లో దీపాలు వెలిగాయో చూడండి. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర దయాకర్ అని ఒకాయన ఫోటో స్టూడియో నడుపుతాడు. ఒకప్పుడు చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ డీవీడీల మీదికి ఎక్కించినవాడు. ఇప్పుడు పెళ్లికొడుకులు కూడా పెన్‌డ్రైవ్ అడుగుతుంటే డిస్కులు రాసే మిషన్‌కు దుప్పటి కప్పి పెట్టాడు. సోమయ్య వచ్చి సీడీ కావాలనగానే ఆ మనిషి కళ్లు చెమర్చాయి.

"సోమన్నా, కూసో! చాయ్ తాగు! గిసొంటి బ్యారం అచ్చి ఎన్నేండ్లాయెనో!"

ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు డిస్కు మీదికి ఎక్కించి ఇచ్చాడు. ఆఫీసు డబ్బా దాన్ని మింగి, కాసేపు గుర్రుమని, నోరు తెరిచి బయటికి తోసేసింది. టీవీ మీద 'నో డిస్క్' అని పడింది. లోపల పెట్టిన డిస్కు లేదని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం ఉండాలి! ఆఫీసులో చాలాకాలం ఉంటే వస్తువులకు కూడా అక్కడి పద్ధతులు అబ్బుతాయి.

"ఆడలే. ఆడంది రికార్డు కాదు. తీసుకపో," అన్నాడు విద్యాసాగర్.

"ఊకె కాపీ కొడితె ఫోన్ భాష డబ్బకు తెల్వదన్నా. మార్చి రాయాలె," అన్నాడు దయాకర్. మార్చి రాశాడు. ఈసారి బొమ్మ రాలేదు గానీ మాట వచ్చింది. నల్లటి తెర మీద బాలనర్సమ్మ తిట్లు రెండు నిమిషాల పాటు ఆఫీసంతా మోగాయి. విద్యాసాగర్ సాంతం విన్నాడు.

"ఎవరీ ఆడమనిషి?"

"మా ఇంటామె సారూ."

"భాష బాగలేదు. ప్రభుత్వ ఫైల్ల ఇసొంటియి ఉండొద్దు."

తిట్లు తీసేయించుకుని మళ్లీ వెళ్లేసరికి సారు సెలవు. ఆ తర్వాత వెళ్తే రిమోట్‌లో బ్యాటరీలు లేవు. సోమయ్యే కిందికి దిగి కొనుక్కొచ్చి వేశాడు. అప్పుడు తేలిందేమిటంటే డిస్కుల్లో ప్లస్ రకం ఒకటి, మైనస్ రకం ఒకటి ఉంటాయని, ఆఫీసు డబ్బా మైనస్ మాత్రమే తింటుందని. ఎంత నిష్ఠ! మైనస్ తెస్తే, దయాకర్ తొందరలో ఫుల్ స్పీడు మీద రాశాడేమో, సరిగ్గా పైపు కనబడే చోట బొమ్మ గళ్ల లుంగీలా విడిపోయి నిలబడిపోయింది. మిగతా చోట్ల బ్రహ్మాండంగా ఆడింది. కానీ మిగతా చోట్ల ఉన్నది ఆకాశం.

ఐదోది ఆడింది! మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా ఆగకుండా! సోమయ్య రెండు చేతులూ జోడించాడు. కాకపోతే రంగుల్లేవు. అంతా నలుపు తెలుపు.

"నీళ్లు మంచిగనే ఉన్నయ్ గదయ్యా?"

"ఎర్రగున్నయ్ సారూ! రక్తం లెక్కనే ఉన్నయ్!"

"రికార్డుల ఎరుపు లేదు సోమయ్యా. నేనెట్ల రాయాలె?"

అమెరికా టీవీల లెక్క ఒకటి, మన టీవీల లెక్క ఒకటి ఉంటుందని, తను పొరపాటున అమెరికా లెక్కలో రాసేసరికి రంగు పోయిందని దయాకర్ లెంపలేసుకున్నాడు. చూడండి, నాలుగో తరగతి చదివిన సోమయ్య ఈ రెండు నెలల్లో ఎంత ఎదిగిపోయాడో! ఇప్పుడు ఆయన చేపల సంఘం మీటింగులో "మైనస్ డిస్కు దేవాలె, నాలుగు స్పీడు మీద నిదానంగ రాయాలె, మన దేశం లెక్క పెట్టాలె" అని అనర్గళంగా చెప్తాడు. ఏ యూనివర్సిటీ నేర్పుతుంది ఇవన్నీ? ఫోన్‌లోనే చూసేసి ఉంటే ఆ మనిషి మామూలు జాలరిగానే మిగిలిపోయేవాడు కాదా?

ఆరో డిస్కు రంగులతో ఆడింది. ఎర్ర నీళ్లు ఎర్రగానే కనబడ్డాయి. విద్యాసాగర్ చూసి, తల పంకించి, నడిమి బెజ్జంలో ట్యాగు గుచ్చి ఫైల్‌కు కట్టాడు. "వస్తం, చూస్తం," అన్నాడు. సోమయ్య బస్సులో కూర్చుని ఇంటి దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఈలోపు వానలు పడ్డాయి. చేపపిల్లలు వచ్చేశాయి. కుంటలో వదిలితే చస్తాయి, వదలకపోతే ఎక్కడ ఉంచాలి? మొగుడూ పెళ్లాలు ఇంటి పక్కన గుంత తవ్వి, కవరు పరిచి, బోరు నీళ్లు నింపి అందులో పోశారు. తెల్లారేసరికి కొంగలు దిగాయి. ముక్కుకొక పిల్ల చొప్పున ఎగరేసుకుపోతుంటే బాలనర్సమ్మ ఇంట్లోకి పోయి, చూరులో దోపిన రికార్డు కాని ఐదు డిస్కులనూ తెచ్చి, గుంత మీద తాడు కట్టి వరసగా వేలాడదీసింది.

కొంగలు ప్లస్సా మైనస్సా అని అడగలేదు. ఏ దేశం లెక్కలో రాశారని అడగలేదు. తళుక్కుమనగానే లేచిపోయాయి. ఆరు డిస్కుల్లో రికార్డు కాని ఐదూ వెంటనే పని చేశాయి. రికార్డైన ఒక్కటే ఇంకా పని చేయాల్సి ఉంది.

అదీ చేసింది లెండి. ఆఫీసు వాళ్లు తనిఖీకి వచ్చారు! నియమం ప్రకారం ముందురోజే కంపెనీకి ఉత్తరం పంపి మరీ వచ్చారు. ఆ పొద్దున పైపు ఎండిపోయి ఉంది. దాని నోటికి అడ్డంగా ఒక పూలకుండీ పెట్టి ఉంది, బంతిపూలు కూడా పూశాయి. సోమయ్య నిన్నటిదాకా పారిందని కట్ట మీద అటూ ఇటూ పరిగెత్తి చూపించాడు. వాళ్లు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు పూలకుండీ లేదు, పైపు మళ్లీ మొదలు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సోమయ్య దాన్ని చించకుండా పట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా పరిగెత్తినంత పని చేసి దయాకర్ ముందు పెట్టాడు. పైపు మూసేయమని ఆర్డరే అనుకున్నాడు మరి! దయాకర్ చదువుతూ చదువుతూ నెమ్మదించాడు.

"అన్నా... గిది కంపెనీకి కాదే. నీకే. నీళ్ల కాడ ఐదు ప్లాస్టిక్ బిల్లలు కట్టి కాలుష్యం జేసినవంట. ఏడు దినాలల్ల జవాబియ్యకుంటె జుర్మానా అంట."

సోమయ్యకు కోపం అరికాళ్ల నుంచి లేచింది. ఎర్ర నీళ్లు కనబడనివాళ్లకు తన ఇంటి పక్కన తాడు కనబడింది! ఉత్తరం వెనకాల ఒక కాగితం ఉంది. గుంత మీద వేలాడుతున్న డిస్కుల ఫోటో.

"ఫోటువ దేంతోని దీసిండ్రు తమ్మీ?"

"ఇంక దేంతోని అన్నా, ఫోన్‌తోని."

సోమయ్య ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తాపీగా అడిగాడు.

"ఫోన్‌కు బెజ్జం ఉందా?"

ఆ సాయంత్రమే రిజిస్టర్డ్ పోస్టులో జవాబు పోయింది. దయాకర్ రాశాడు, సోమయ్య చెప్పాడు. 'అయ్యా, మీరు పంపిన ఫోటో ఫోన్‌తో తీసినది కాబట్టి మా ఇంట్లో రికార్డు కాదు. దయచేసి సీడీలో పెట్టి పంపగలరు. మా ఇంటి డబ్బాలో ఆడవలెను. ఆడితేనే జవాబు ఇవ్వగలను.' కింద వేలిముద్ర కాదు, సంతకం.

ఇక్కడే మన ఆఫీసు గొప్పతనం మరోసారి బయటపడింది. తాము పెట్టిన నియమాన్ని తామే కాదనలేకపోయారు! అక్కడ డిస్కు ఆడించే డబ్బా ఉంది గానీ రాసే మిషన్ లేదు. ఒకరి మీద ఒకరు తోసుకుని, చివరికి విద్యాసాగరే ఫోన్ పట్టుకుని దయాకర్ షాపు వెతుక్కుంటూ వచ్చాడు. దయాకర్ ఆయనకు చాయ్ పోసి, డిస్కు రాసిచ్చాడు. ప్లస్సో మైనస్సో నేనడగలేదు.

సీడీ ఇవ్వడానికి పోతున్నానని కంపెనీకి ముందుగా ఉత్తరం రాయాలన్న నియమం ఎక్కడా లేదు. అందుకని విద్యాసాగర్ ఒక్కడే, చెప్పాపెట్టకుండా, కుంట కట్ట మీదుగా నడుచుకుంటూ వచ్చాడు. ఇంటికి చేరేసరికి ముక్కుకు కర్చీఫు ఉంది, బూట్ల నిండా ఎర్ర బురద ఉంది.

"ఏం కంపయ్యా ఇది! ప్రాణం పోయేటట్టుంది! పైపు పారుతనే ఉంది గదా!"

"అవ్ సారూ? గది రికార్డుల లేదు గద," అన్నాడు సోమయ్య కుర్చీ వేస్తూ. "కూసోన్రి. జర సీడీ ఏసి సూద్దాం."

బాలనర్సమ్మ మొగుణ్ని గుంత దగ్గరికి లాక్కుపోయింది. పిల్లలు జానెడు పెరిగి, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. ఇంకో నెల కంటే అందులో పట్టవు.

"ఏందయ్యా, నీకేమన్న పిచ్చా? మన డబ్బ ఖరాబై నాలుగేండ్లాయె గద! ఎట్లాడుతది?"

"ఆడదు," అన్నాడు సోమయ్య. "గది సారుకెట్ల ఎరుక? ఇయ్యాల ఆడకుంటె ఇంకోటి రాసుకోని మల్లస్తడు. అదాడకుంటె మల్లస్తడు. అచ్చినప్పుడల్ల గీ కట్ట మీదికెల్లే రావాలె."