ఆఖరి కాగితం కోసం నాగేశ్వరప్రసాద్ పంటు ఎక్కిన వైనం

కలియుగమున, ప్లాస్టిక్ సంచులపై నిషేధము నడుచుచున్నదని అందరును చెప్పుకొనుచు ఎవ్వరును నమ్మని కాలమున, గోదావరీమతల్లి వశిష్ఠయను పేర నరసాపురమును ఒరసికొని కడలివంకకు సాగిపోవుచుండగా, లేసుల బేరములచేతను రేవు కేకలచేతను కలకలలాడు ఆ పురవరమున, బజారువీథిని, జీలకర్రధూళిధూసరితవక్షుడును, మిర్చిఘాటుసహనధురంధరుడును, తూకమున ధర్మతత్పరుడును అగు ఒక వీరుడు గల్లాపెట్టె వెనుక కూర్చుండి పొట్లములు కట్టుచుండెను. ఆతని పేరు నాగేశ్వరప్రసాద్. ఆతనికి శత్రువులెవ్వరును లేరు. బజ్జీలు మాత్రము ఉండెను.

ఆ బజ్జీల వృత్తాంతము మొదట చెప్పవలెను. ఆతని ధర్మపత్ని రాజరాజేశ్వరి, పుస్తకప్రియ, వాగ్ధాటీప్రచండ, తమ మేడపై వసారాలో నెలకొక పఠనసభ నెలకొల్పెను. మాసాంతమున వచ్చు ఆదివారము సాయంకాలము సభ్యులందరును కూడి, ఆ నెలలో తామేమి చదివిరో, చదివినదానిలో మనసున ఏమి మిగిలెనో చెప్పుకొనవలెను. చెప్పుటకేమియు లేనివారు వంటింటికేగి సభకెల్ల మిరపకాయబజ్జీలు వేయవలెను. శాసనము అందరికిని సమానమే. అయినను సభ పుట్టిన నాటినుండి చిల్లులగరిటె పట్టిన చేయి ఒక్కటే, అది అంగడి మూసి వచ్చిన నాగేశ్వరప్రసాద్ చేయి.

గతమాసమున ఆ మహాపురుషుడు చెమటతో, పొగతో, పొగలు గ్రక్కు పళ్ళెముతో వసారాలోనికి వచ్చిన తరుణమున, రాజరాజేశ్వరి నవ్వుచు నిట్లనెను. "మా ఆయనకి కాగితమంటే పొట్లం కట్టడానికేనండి. చదవడానికి కాదు."

సభ నవ్వెను. ఆతడును నవ్వెను. కాని ఆ మాట గుండెలో ముల్లువలె దిగబడి, రాత్రి అన్నము కూడ సరిగ సహించలేదు.

అంతట ఆ వణిక్కులశేఖరుడు రోషకషాయితాక్షుడై, మనమున నిట్లు గర్జించెను. "ఓసి పుస్తకగర్వోన్మత్తా! వచ్చు మాసాంతమున ఈ బాహుదండము శనగపిండి కలిపెనేని, ఈ వంశమున పుట్టిన త్రాసులన్నియు వంగిపోవుగాక! నీ సభామధ్యమున, నీ కన్నులయెదుట, ఒక గ్రంథమును ఆమూలాగ్రముగ వినిపింపకుందునేని, నేను నాగేశ్వరప్రసాదునే గాను!" పైకి మాత్రము, "ఇంకో వాయి వెయ్యమంటారాండి?" అని అడిగెను. వేయుమనిరి.

ఆయుధములకు ఆతనికి కొదువలేదు. పొట్లముల కొరకు పాత కాగితములవానియొద్ద తూకానికి కొన్న పుస్తకములు అంగడి మూలన గుట్టగ పడియుండెను. ఆ గుట్టపై ఆతడు దండెత్తెను. ఆముదము కొలుచుచు హోమియోపతి గైడును మర్దించెను. చింతపండు తూచుచు రొయ్యల చెరువుల మాసపత్రికను చీల్చి చెండాడెను. ఎప్పుడో గడచిన సంవత్సరపు రాశిఫలములతో ద్వంద్వయుద్ధము చేసి, తన రాశికి ఆ యేట విదేశయానము కలదని యెరిగి, తాను భీమవరము కూడ పోలేదని తలచి ఉస్సురనెను. పదవ తరగతి భౌతికశాస్త్రము మాత్రము ఆతనినే ఓడించెను.

అయితే ఒక్క చిక్కు కలదు. పొట్లమునకు కాగితము పుస్తకము వెనుకనుండి చించుట ఆ అంగడిలో తాతలనాటి అలవాటు. కన్ను ముందునుండి చదువును, చేయి వెనుకనుండి చించును. అందువలన నెలంతయు చదివినను ఆతనికి ఏ పుస్తకపు ముగింపును దక్కలేదు. ముగింపులన్నియు ఊరిలోని వంటిండ్లలో పోపుగింజలకు కావలి కాయుచుండెను.

ఇట్లుండగా అట్ట లేని, పేరు లేని ఒక నవల ఆతని చేజిక్కెను. మొదటి కాగితమునకే మనసు పారవేసికొన్న ఆ వీరుడు, దానిని గుట్టలో కలవనీయక, గల్లాపెట్టె క్రింద విడిగా దాచి, గిరాకీ లేనప్పుడెల్ల తీసి చదువుచు, కడపటి కాగితము మాత్రము సభరోజున చదువుదమని మిగుల్చుకొనెను. అదియే పొరపాటు. ఆ ఆదివారము ఉదయము అంగడి క్రిక్కిరిసియుండగా, ఒక చెవిని ఫోను, ఒక చేత త్రాసు, నవల బల్లపై బోర్లగిల. అలవాటుపడిన చేయి తన పని తాను చేసికొనిపోయెను. చివరి కాగితమును చించి, పసుపు పోసి, దారము చుట్టి, ఎండుచేపలమ్ము వీరదుర్గకు ఇచ్చివేసెను.

మధ్యాహ్నము సంగతి తెలిసినది. ఆతడు నవల వెనుక మొండిగ మిగిలిన దారపుకుట్టును చూచి కూలబడెను. తన చేయిపై తనకే కోపము వచ్చెను.

పిమ్మట, పెట్రోలుపానమత్తమును, హారనుహీనమును అగు మోపెడ్డునెక్కి, రేవు దాపున వీరదుర్గ దుకాణముపై విరుచుకొనిపడెను.

"ఏంటండి ప్రసాద్‌గారూ," అనెను వీరదుర్గ, గంప సర్దుకొనుచు. "మీరు ఎండుచేపల కొట్టుకొచ్చారేంటి? ఇంట్లో తెలుసా?"

"పొద్దున్న నేనిచ్చిన పసుపు పొట్లం... ఆ కాగితం కావాలమ్మా."

"పసుపు డబ్బాలో పోసేసుకున్నానండి. కాగితంలో రొయ్యపొట్టు కట్టిచ్చాను. అదిగో, పంటెక్కుతున్నాడు చూడండి, కండువా ఆయన. సఖినేటిపల్లి కొబ్బరికాయల జగన్నాథరావుగారు."

పంటు కూత వేసెను. బండ్లను, మనుషులను మోసి గోదావరిని దాటించు ఆ మహానౌక రేవును వదలుచుండగా, భూరికాయుడును, చిరకాలవ్యాయామవర్జితుడును అగు నాగేశ్వరప్రసాద్, మోపెడ్డును దాని కర్మకు వదలి, చెప్పులు చేతబట్టి, ఇసుకను తన్ని, నీటిని చిమ్మి, కేకలు వేయువారిని లెక్కింపక, ఒక్క పెట్టున లంఘించెను. పంటు అంచున కాలు నిలచెను. ఒక చెప్పు నిలువలేదు, గోదావరి తీసికొనిపోయెను.

జగన్నాథరావు పంటు కమ్మీకి ఆనుకొని, రొయ్యపొట్టును కండువా కొంగున మూటగట్టి, ఆ కాగితమునే చదువుచుండెను.

"అయ్యా, అది నాదండి," అనెను నాగేశ్వరప్రసాద్ రొప్పుచు.

"రొయ్యపొట్టా?"

"కాగితమండి. నేను ముందంతా చదివాను. చివర ఇదే."

జగన్నాథరావు ఆతనిని తేరిపార జూచి, కాగితమును రొమ్మునకు హత్తుకొనెను. "నాకు చివర దొరికింది, ముందు లేదు. ఈవిడెవరండి? ఎందుకేడుస్తోంది? అది చెప్పకుండా ఇచ్చేది లేదు."

అంతట గోదావరీమధ్యమున సంధి కుదిరెను. నాగేశ్వరప్రసాద్ ఒంటి చెప్పుతో నిలువబడి, జన్మలో మొదటిసారి, ఒక కథ చెప్పనారంభించెను.

"సుభాషిణి అని ఒక కోడలండి. ఆ ఇంట్లో ఆడవాళ్ళు పుస్తకం పట్టుకుంటే మామగారు పొయ్యిలో పెట్టేసేవాడు. సుభాషిణి పుస్తకాలూ అలాగే పెట్టేశాడు. పక్కనే ఉన్న అత్తగారు నోరు మెదపలేదు. అప్పట్నుంచీ ఈ పిల్ల ఆవిడతో మాట్లాడలేదండి, ఏళ్ళ తరబడి. ఆవిడ మంచం కింద ఒక ఇనప్పెట్టె. తాళంచెవి మొలలో. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. బంగారమని అందరూ అనుకునేవారు. ఇప్పుడావిడ పోయింది. తాళంచెవి కోడలి చేతిలో ఉంది. అక్కడికి ఆగిపోయాను."

పంటు ఆవలిరేవున ఆగియుండెను. ఎవ్వరును దిగలేదు. దిగుటకు రేవుపైకి పలక దించవలసినవాడు గొలుసు పట్టుకొని అట్లే నిలబడెను. వెనుకనెవడో హారను కొట్టగా, "ఉండవయ్యా, కథ జరుగుతోంది," అని ఒక ముసలామె గదిమెను.

జగన్నాథరావు కాగితమును మరల మొదటినుండి చదివెను. చదివి, కండువాతో కన్నులొత్తుకొనెను. ఆ కొంగుననే రొయ్యపొట్టుండుటచే కన్నులు మరింత మండెను.

"తీసుకెళ్ళండి," అనెను. "ఇక్కడ చదవకండి. ఇంతమందిలో బాగోదు."

తిరుగు పంటునెక్కి, కాగితమును జేబున భద్రపరచి, ఆతడు నరసాపురము చేరెను. అచట మరియొక సైన్యము కాచుకొనియుండెను. రేవు పిల్లి మొదట వాసన పట్టెను, బజారు పిల్లులు దానికి తోడయ్యెను. ఆ మార్జారవాహిని తోకలను ధ్వజములవలె నెత్తి, మోపెడ్డును వెన్నంటి, ఆతని ఇంటి వాకిటిదాక వచ్చెను. మోపెడ్డు వేగము అంతటిది.

మేడపై సభ చివరకు వచ్చుచుండెను. రాజరాజేశ్వరి పిట్టగోడపైనుండి తొంగిచూచి, ముక్కు మూసికొనెను.

"ఆగండక్కడే. ఏంటండి ఆ వాసన? నీచు వాసనతో గడప తొక్కుతారా? ముందు పెరట్లోకెళ్ళి తలారా స్నానం చెయ్యండి. జేబులోంచి తొంగిచూస్తున్న ఆ కాగితమేంటో బయట పారేయండి. తర్వాత బజ్జీలెయ్యాలి, పిండి కలిపి పెట్టాను."

ఒకవైపు స్నానము, ఒకవైపు బజ్జీలు, నడుమ వీరుడు, చుట్టును పిల్లులు. వేరొకడైన లొంగిపోయెడివాడే. నాగేశ్వరప్రసాద్ కదలలేదు. తల యెత్తి, వీథిలోనుండియే, గొంతు సవరించుకొని పలికెను.

"నేనిక్కణ్ణుంచే చెప్తానండి. ఈ నెల చాలా చదివాను. ఒక్కటీ పూర్తి కాలేదు. రొయ్యకి తెల్లమచ్చొస్తే ఏం చెయ్యాలో సగమే తెలిసింది, రొయ్య బతికిందో లేదో తెలీదు. తలనొప్పికి మందు తెలిసింది, ఎన్ని మాత్రలో తెలీదు. అదంతా ఎవరిళ్ళలోనో ఉండుంటుంది. నెలంతా అలా సగంలో ఆగిపోతుంటే బాధేసిందండి. ఇన్నేళ్ళు నేను జనానికిచ్చింది కూడా సగాలే కదా అనిపించింది. అందుకని ఈ ఒక్కదాని కోసం పంటెక్కాను."

సభ పిట్టగోడకు చేరెను. ఆతడు సుభాషిణి కథ చెప్పెను. ఇనప్పెట్టె వద్దకు వచ్చి, కాగితము తీసి, తానును మొదటిసారిగ చదువుచు, బిగ్గరగ వినిపించెను.

"సుభాషిణి మూత ఎత్తింది. బంగారం లేదు. పచారీ కొట్టు పొట్లాల కాగితాలు. పసుపంటినవి, నూనె మరకలవి. ఒక్కొక్కదాన్నీ మడతలు విప్పి, అరచేత్తో సాపుచేసి, దొంతరగా పేర్చింది అత్తగారు. కొన్నింటిలో, నచ్చిన వాక్యాల కింద బొగ్గుతో గీతలు. సుభాషిణి ఏడ్చేసింది. పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టిన మామగారికి, పొట్లం కాగితం కూడా చదువుకునేదేనని ఎప్పుడూ తోచలేదు."

నాగేశ్వరప్రసాద్ కాగితమును మడువబోయి, చేతిని తానే ఆపుకొనెను.

రాజరాజేశ్వరి, గతమాసమున తానన్న మాట గుర్తునకు వచ్చెనో యేమో, మెల్లగ అడిగెను. "ఆ ముందు కాగితాలున్నాయా?"

"ఉన్నాయి. గల్లాపెట్టె కింద."

"పొట్లాలు కట్టెయ్యకండి. నేను చదవాలి."

అప్పుడు సభలో వెనుక కూర్చుండు, తన వంతు ముగిసిన పిమ్మట ఎన్నడును నోరు విప్పని టీచరు సత్యకుమారి, మిక్కిలి మర్యాదతో, ఇంతకాలము ఎవ్వరును అడుగ సాహసింపని ప్రశ్న నడిగెను. "మరి ఈ నెల మీరేం చదివారండి, రాజేశ్వరిగారూ?"

రాజరాజేశ్వరి గోదావరివంక చూచెను. ఆకాశమువంక చూచెను. చివరకు, "ఫోన్లో వంటల వీడియోలు చూశానండి," అని, చీరకొంగు బిగించి, వంటింటివైపు నడచెను.

వినుడు, వశిష్ఠాతీరవాసులారా, బజ్జీలు వేసినవారలారా, వేయించుకొన్నవారలారా! ఆ సాయంకాలము, కూరగాయలు పైకి లాగుకొను తాటి బుట్ట, మేడపైనుండి ఊగుచు, తిరుగుచు, పిల్లులనెల్ల ఆశపెట్టుచు దిగివచ్చెను. అందులో పొగలు గ్రక్కుచు ఒకే ఒక్క మిరపకాయబజ్జీ యుండెను. నరసాపుర విజయుడు, ఏకపాదరక్షాధారి, మార్జారసేనాపరివృతుడు, స్నానము కాని నాగేశ్వరప్రసాద్ దానిని వీథిలోనే నిలువబడి కొరికెను. ఉప్పు కొంచెము తక్కువైనది. అయిననేమి, అది ఆతడు వేసిన బజ్జీ కాదు.